భారతదేశపు పొరుగు దేశాలలో సైబర్ భద్రత - చట్టపరమైన సమస్యలు

భారతదేశానికి పొరుగున ఉన్న బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్, శ్రీలంక, మయన్మార్, చైనా దేశాలు తమ కంప్యూటర్ వ్యవస్థలను కాపాడుకోవడానికి చేసుకున్న చట్టాలను, వాటి అమలులో తలెత్తిన చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ దేశాలలో చాలావాటికి సైబర్ చట్టాల కొరత లేదు. అయితే ఆ చట్టాల క్రింద నమోదైన కేసులలో అనేకం బ్యాంకులను దోచినవారి మీద, ప్రభుత్వ సర్వర్లను స్తంభింపజేసినవారి మీద పెట్టినవి కావు. ఏదో వ్రాసినవారి మీద, ఏదో బొమ్మ గీసినవారి మీద పెట్టినవి. ఈ ప్రాంతపు సైబర్ చట్టాల చరిత్రలో ప్రధానంగా కనిపించే వైరుధ్యం ఇదే.

నేపథ్యం

సైబర్ భద్రతకు చట్టం చేసే ఏ దేశానికైనా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది, నేరమంటే ఏమిటన్నది. కంప్యూటర్‌లోనికి అనుమతి లేకుండా చొరబడడం, సమాచారాన్ని దొంగిలించడం, వ్యవస్థను పనిచేయకుండా చేయడం నేరాలనడంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అంతర్జాలంలో వెలువడే మాటలు, బొమ్మలు కూడా దేశ భద్రతకు ముప్పు కాగలవా అన్నచోట వివాదం మొదలవుతుంది. రెండవది, నేరం ఎక్కడ జరిగిందన్నది. దాడి చేసినవాడు ఒక దేశంలో, అతడు వాడిన సర్వరు ఇంకొక దేశంలో, నష్టపోయినవాడు మరొక దేశంలో ఉండవచ్చు. మూడవది సాక్ష్యానికి సంబంధించినది. విదేశంలో ఉన్న సాక్ష్యాన్ని ఎవరు, ఏ అధికారంతో, ఎంత త్వరగా తెప్పించగలరన్నదానిపైనే చాలా కేసుల భవితవ్యం ఆధారపడి ఉంటుంది.

భారతదేశం 2000లో సమాచార సాంకేతిక చట్టాన్ని చేసింది. పొరుగు దేశాల తొలి చట్టాలు కూడా దాదాపు ఇదే తీరులో, అంటే ఎలక్ట్రానిక్ పత్రాలకు, డిజిటల్ సంతకాలకు చట్టబద్ధత కల్పించి వాణిజ్యాన్ని సులభతరం చేసే ఉద్దేశంతో వచ్చాయి. పాకిస్తాన్‌లో 2002 నాటి ఎలక్ట్రానిక్ లావాదేవీల ఆర్డినెన్సు, బంగ్లాదేశ్‌లో 2006 నాటి సమాచార, ప్రసార సాంకేతిక చట్టం, నేపాల్‌లో విక్రమ శకం 2063 నాటి ఎలక్ట్రానిక్ లావాదేవీల చట్టం ఈ కోవకు చెందినవి. వ్యాపారం కోసం చేసిన ఈ చట్టాల చివరి అధ్యాయాలలో చేర్చిన కొన్ని శిక్షా నిబంధనలే తరువాతి కాలంలో అసలు చట్టం కంటె ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి.

బంగ్లాదేశ్ బ్యాంకు దోపిడీ

ఈ మూడు ప్రశ్నలూ ఒకేసారి ఎదురైన సంఘటన 2016 ఫిబ్రవరిలో జరిగింది. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పేరు బంగ్లాదేశ్ బ్యాంకు. దీనికి న్యూయార్కులోని ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో ఖాతా ఉంది. బ్యాంకులు ఒకదానికొకటి చెల్లింపు ఆదేశాలు పంపుకోవడానికి వాడే అంతర్జాతీయ సందేశ వ్యవస్థను స్విఫ్ట్ అంటారు. ఫిబ్రవరి 4 రాత్రి, ఢాకాలోని బ్యాంకు కంప్యూటర్లలో ముందే చొరబడి ఉన్న హ్యాకర్లు ఈ వ్యవస్థ ద్వారా 35 దొంగ ఆదేశాలు పంపారు. వాటి మొత్తం విలువ దాదాపు 95 కోట్ల 10 లక్షల డాలర్లు.

సమయాన్ని వారు ఎంతో జాగ్రత్తగా ఎంచుకున్నారు. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్కులో శని, ఆదివారాలు సెలవు. ఆ మరుసటి సోమవారం, ఫిబ్రవరి 8న, చైనా నూతన సంవత్సరం సందర్భంగా ఫిలిప్పీన్స్‌లో సెలవు. మూడు దేశాల సెలవుల మధ్య దొంగలకు నాలుగు రోజుల వ్యవధి దొరికింది. స్విఫ్ట్ సందేశాలను అచ్చువేసే ప్రింటరు కూడా పనిచేయకుండా చేయడంతో ఢాకాలోని ఉద్యోగులకు విషయం వెంటనే తెలియలేదు.

35 ఆదేశాలలో ఐదు మాత్రమే నెరవేరాయి. మిగిలినవాటిని ఫెడరల్ రిజర్వ్ నిలిపివేసింది. అందుకు ఒక కారణం విచిత్రమైనది: డబ్బు చేరవలసిన ఫిలిప్పీన్స్ బ్యాంకు శాఖ మకాటి నగరంలో జూపిటర్ వీధిలో ఉంది, జూపిటర్ అన్న పేరు ఇరాన్‌పై ఆంక్షల జాబితాలోని ఒక చమురు నౌక పేరుతో కలిసింది. నెరవేరిన ఐదింటిలో 2 కోట్ల డాలర్ల ఆదేశం శ్రీలంకలోని ఒక స్వచ్ఛంద సంస్థ పేరిట వెళ్లింది. దానిలో 'ఫౌండేషన్' అన్న మాటకు అక్షరదోషం ఉండడంతో మధ్యవర్తి బ్యాంకు వివరణ అడిగింది. ఆ డబ్బు వెనక్కు వచ్చింది. మిగిలిన 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌లోని రిజాల్ బ్యాంకులో 2015 మే నెలలోనే తెరిచి ఉంచిన ఖాతాలలో జమ అయ్యాయి. అక్కడినుండి జూదశాలలకు చేరాయి.

అసలు న్యాయసమస్య ఇక్కడ మొదలైంది. జూదశాలలు అప్పటికి ఫిలిప్పీన్స్ మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలో లేవు. పెద్ద మొత్తాలు చేతులు మారినా అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత వాటికి లేదు. సెనేట్ విచారణలో బ్యాంకు అధికారులు 1955 నాటి బ్యాంకు గోప్యతా చట్టాన్ని చూపి పలు ప్రశ్నలకు జవాబు ఇవ్వడానికి నిరాకరించారు. జూదశాలలను చట్ట పరిధిలోనికి తెచ్చే సవరణ 2017లో వచ్చింది. అప్పటికి డబ్బు ఆచూకీ చాలావరకు పోయింది. 2016 నవంబరులో సుమారు కోటి 50 లక్షల డాలర్లు బంగ్లాదేశ్‌కు తిరిగి అందాయి. రిజాల్ బ్యాంకు శాఖ మేనేజరును మనీలా న్యాయస్థానం 2019 జనవరిలో దోషిగా నిర్ణయించి 32 నుండి 56 సంవత్సరాల కారాగార శిక్ష విధించింది.

బంగ్లాదేశ్‌లో జరిగినది వేరు. కేంద్ర బ్యాంకు ఈ సంగతిని నెల రోజుల వరకు సొంత ప్రభుత్వానికే చెప్పలేదు. ఆర్థిక మంత్రికి వార్తాపత్రికల ద్వారా తెలిసింది. గవర్నరు అతివుర్ రహ్మాన్ మార్చి 15న రాజీనామా చేశారు. పోలీసు కేసు నమోదైనది కూడా ఆనాడే, అంటే చోరీ జరిగిన నలభై రోజులకు. సైబర్ నేరంలో మొదటి కొన్ని గంటలే కీలకమని తెలిసినవారికి ఈ నలభై రోజుల అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. దాడి జరిగితే ఎన్ని గంటలలో ఎవరికి తెలపాలన్న నియమం ఎందుకు అవసరమో ఈ ఉదంతం చూపింది. (భారతదేశంలో 2022 ఏప్రిల్‌లో వెలువడిన ఆదేశాలు ఇందుకు 6 గంటల గడువు విధించాయి.) కేసులో పరిశోధన నివేదిక సమర్పించే గడువును ఢాకా న్యాయస్థానం ఆ తరువాత పదుల సార్లు పొడిగించవలసి వచ్చింది.

దాడి ఉత్తర కొరియా పనేనని అమెరికా న్యాయశాఖ ఆరోపించి, ఆ దేశపు ప్రోగ్రామరు ఒకరిపై మోపిన అభియోగాన్ని 2018 సెప్టెంబరులో బయటపెట్టింది. 2021 ఫిబ్రవరిలో మరి ఇద్దరిని చేర్చింది. ఉత్తర కొరియా దీనిని ఖండించింది. ఒక రాజ్యమే నేరస్థుడైనప్పుడు నిందితుని అప్పగింత అన్న మాటకు అర్థం ఉండదు. కనుక బంగ్లాదేశ్ బ్యాంకు సివిల్ మార్గాన్ని ఎంచుకొని, 2019 జనవరి 31న న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానంలో రిజాల్ బ్యాంకుపైనా, మరికొందరిపైనా దావా వేసింది. వ్యవస్థీకృత నేరాల చట్టం ఈ దావాకు వర్తించదని ఆ న్యాయస్థానం 2020 మార్చిలో తోసిపుచ్చడంతో వ్యాజ్యం న్యూయార్కు రాష్ట్ర న్యాయస్థానానికి చేరింది. డబ్బు పోగొట్టుకున్నది ఢాకా, చేరినది మనీలా, వ్యాజ్యం నడిచినది న్యూయార్కులో.

బంగ్లాదేశ్ చట్టాలు

ఈ దోపిడీ తరువాత బంగ్లాదేశ్‌లో కొత్త సైబర్ చట్టం రావడం సహజం. అయితే వచ్చిన చట్టాన్ని అర్థం చేసుకోవాలంటే పాత చట్టంలోని 57వ సెక్షన్ సంగతి తెలియాలి. 2006 చట్టంలోని ఈ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలో అసత్యమైనదీ, అశ్లీలమైనదీ, రాజ్యపు ప్రతిష్ఠను దెబ్బతీసేదీ, మత మనోభావాలను గాయపరిచేదీ ప్రచురించడం నేరం. ఈ మాటలకు నిర్వచనాలు లేవు. 2013 సవరణ దీనిని బెయిలు లేని నేరంగా మార్చి, వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చి, కనీస శిక్షను 7 సంవత్సరాలుగా, గరిష్ఠ శిక్షను 14 సంవత్సరాలుగా నిర్ణయించింది. భారతదేశపు చట్టంలోని 66ఎ సెక్షన్ దీనికి దగ్గరి పోలిక. దానిని భారత సుప్రీం కోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టివేసింది.

2018 సెప్టెంబరులో బంగ్లాదేశ్ పార్లమెంటు డిజిటల్ భద్రతా చట్టాన్ని ఆమోదించింది. ఇందులో నిజంగా అవసరమైన అంశాలు కొన్ని ఉన్నాయి. డిజిటల్ భద్రతా ఏజెన్సీ ఏర్పాటు, అత్యవసర స్పందన బృందం, దేశానికి ప్రాణాధారమైన కంప్యూటర్ వ్యవస్థలను 'కీలక సమాచార మౌలిక వ్యవస్థలు'గా ప్రకటించి వాటిలో చొరబాటుకు కఠిన శిక్షలు విధించడం అటువంటివి. 57వ సెక్షన్ కూడా రద్దయింది. కాని అందులోని విషయాలన్నీ కొత్త చట్టంలో నాలుగైదు సెక్షన్లుగా విడిపోయి తిరిగి ప్రవేశించాయి. పోలీసులకు వారంటు లేకుండా సోదా చేసే, అరెస్టు చేసే అధికారం అలాగే నిలిచింది.

2023 జనవరి 31 వరకు ఈ చట్టం క్రింద 7,001 కేసులు నమోదైనట్లు న్యాయమంత్రి అనీసుల్ హక్ పార్లమెంటుకు తెలిపారు. వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది రచయిత ముష్తాక్ అహ్మద్ కేసు. కోవిడ్ కాలంలో ప్రభుత్వ తీరును విమర్శించిన ఫేస్‌బుక్ వ్రాతల కారణంగా ఆయనను, వ్యంగ్య చిత్రకారుడు అహ్మద్ కబీర్ కిశోర్‌ను 2020 మే నెలలో అరెస్టు చేశారు. బెయిలు కోసం ఆయన పెట్టుకున్న దరఖాస్తులు ఆరుసార్లు తిరస్కరణకు గురయ్యాయి. 2021 ఫిబ్రవరి 25న కాశింపూర్ కారాగారంలో మరణించారు. కిశోర్‌కు ఆ తరువాత కొద్ది రోజులకు బెయిలు లభించింది.

చట్టం ఇంత కఠినంగా అమలైన రోజులలోనే, 2023 జూలైలో, జనన మరణాల నమోదుకు చెందిన ప్రభుత్వ వెబ్‌సైటు నుండి కోట్లాది పౌరుల వివరాలు ఎవరైనా చూడగలిగే స్థితిలో ఉన్నట్లు బయటపడింది. దీనికి హ్యాకర్లు కూడా అవసరం కాలేదు. వెబ్‌సైటుకు ఉండవలసిన కనీస రక్షణ లేకపోవడమే కారణమని ప్రభుత్వమే ఒప్పుకున్నది. పౌరుల సమాచారాన్ని జాగ్రత్తగా కాపాడవలసిన బాధ్యతను సంస్థలపై మోపే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అప్పటికి ఆ దేశంలో లేదు.

2023 సెప్టెంబరులో డిజిటల్ భద్రతా చట్టం స్థానంలో సైబర్ భద్రతా చట్టం వచ్చింది. పరువునష్టానికి జైలుశిక్ష తొలగించి 25 లక్షల టాకాల వరకు జరిమానా మాత్రమే ఉంచారు. కొన్ని శిక్షలు తగ్గాయి. వారంటు లేని అరెస్టు మాత్రం పోలేదు. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం పడిపోయిన తరువాత తాత్కాలిక ప్రభుత్వం 2025 మే నెలలో సైబర్ భద్రతా ఆర్డినెన్సు జారీ చేసి, పాత చట్టంలోని తొమ్మిది సెక్షన్లను వదలివేసి, వాటి క్రింద ఉన్న కేసులను రద్దు చేసింది.

పాకిస్తాన్

పాకిస్తాన్‌లో 2007 చివర వెలువడిన ఎలక్ట్రానిక్ నేరాల ఆర్డినెన్సు 2009లో కాలదోషం పట్టిపోగా, ఏడేళ్లపాటు సైబర్ నేరాలకు ప్రత్యేక చట్టమే లేదు. ఆ ఖాళీని 2016 ఆగస్టులో ఎలక్ట్రానిక్ నేరాల నిరోధక చట్టం పూరించింది. కీలక వ్యవస్థలపై దాడిని ఇది సైబర్ ఉగ్రవాదంగా పరిగణించి 14 సంవత్సరాల వరకు శిక్ష విధిస్తుంది. దేశం వెలుపల చేసిన పనికి కూడా, దాని ప్రభావం పాకిస్తాన్‌పై ఉంటే, చట్టం వర్తిస్తుంది. కాగితం మీద ఇది బలమైన అధికారమే. విదేశంలోని నిందితుని, సాక్ష్యాన్ని తెచ్చుకొనే మార్గం లేనప్పుడు దాని విలువ ఎంతన్నది ప్రశ్న. 2018 అక్టోబరులో బ్యాంక్‌ఇస్లామీ ఖాతాదారుల కార్డులతో విదేశాలలో డబ్బు తీయడం, 2020 సెప్టెంబరులో కరాచీ విద్యుత్ సంస్థ కె-ఎలక్ట్రిక్‌పై రాన్సమ్‌వేర్ దాడి, 2021 ఆగస్టులో పన్నుల శాఖ సర్వర్లపై దాడి ఈ ప్రశ్నను మళ్లీ మళ్లీ ముందుకు తెచ్చాయి.

ఇదే చట్టంలోని 20వ సెక్షన్ వ్యక్తుల గౌరవానికి భంగం కలిగించే సమాచారానికి శిక్ష విధిస్తుంది. పాత్రికేయులపై ఇది విరివిగా ప్రయోగింపబడింది. 2022 ఫిబ్రవరిలో ఒక ఆర్డినెన్సు ద్వారా శిక్షను 5 సంవత్సరాలకు పెంచి బెయిలు లేని నేరంగా చేయగా, ఇస్లామాబాద్ హైకోర్టు ఏప్రిల్ 8న ఆ ఆర్డినెన్సును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. 2025 జనవరి సవరణ దాదాపు అదే ఉద్దేశాన్ని పార్లమెంటు మార్గంలో నెరవేర్చింది: అసత్య వార్త ప్రచారానికి 3 సంవత్సరాల వరకు జైలు, 20 లక్షల రూపాయల వరకు జరిమానా. దేశమంతటా పాత్రికేయులు నిరసన తెలిపారు.

నేపాల్

2017 అక్టోబరులో తిహార్ పండుగ సెలవులలో ఎన్‌ఐసి ఏషియా బ్యాంకు స్విఫ్ట్ వ్యవస్థ నుండి సుమారు 44 లక్షల డాలర్లు తరలించే ప్రయత్నం జరిగింది. బంగ్లాదేశ్ దోపిడీకి ఇది చిన్న నకలు అనవచ్చు. అధికారులు వేగంగా కదలడం వల్ల అధిక భాగం తిరిగి వచ్చింది. 2023 జనవరి 28న ప్రభుత్వ డేటా కేంద్రంపై జరిగిన దాడితో వందలాది ప్రభుత్వ వెబ్‌సైట్లు ఆగిపోయి, త్రిభువన్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ పనులు నిలిచిపోయాయి.

ఈ దాడులు జరిగిన కాలమంతా నేపాల్‌కు ఆధారమైనది పాత ఎలక్ట్రానిక్ లావాదేవీల చట్టమే. అందులోని 47వ సెక్షన్ చట్టవిరుద్ధ ప్రచురణకు 5 సంవత్సరాల వరకు శిక్ష విధిస్తుంది. వాణిజ్య పత్రాల కోసం పుట్టిన చట్టంతో గాయకులను, విలేఖరులను అరెస్టు చేయడం అక్కడ పరిపాటి అయింది. 2025 సెప్టెంబరు 4న ప్రభుత్వం నమోదు చేసుకోలేదన్న కారణంతో ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలను నిషేధించింది. విదేశీ సంస్థలు స్థానిక చట్టానికి జవాబుదారీగా ఉండాలన్న కోరిక అసమంజసమైనది కాదు. ఆ దేశపు సుప్రీం కోర్టు కూడా నమోదు అవసరమనే చెప్పింది. కాని లక్షల కుటుంబాలు విదేశాలలోని తమవారితో మాట్లాడే దారిని ఒక్కసారిగా మూసివేయడం, అప్పటికే అవినీతిపై రగులుతున్న యువతను వీధిలోకి తెచ్చింది. సెప్టెంబరు 8న ఒక్కరోజే 19 మంది మరణించారు. ఆ రాత్రి నిషేధం ఎత్తివేశారు. మరునాడు ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు.

శ్రీలంక

ఈ ప్రాంతంలో నేరాన్ని, అభిప్రాయాన్ని చాలాకాలం వేరుగా ఉంచినది శ్రీలంక. 2007 నాటి కంప్యూటర్ నేరాల చట్టం ప్రధానంగా చొరబాటు, సమాచార చౌర్యం, వ్యవస్థల విధ్వంసం వంటివాటికే పరిమితమైంది. పరిశోధనలో పోలీసులకు సాంకేతిక నిపుణులు తోడ్పడే ఏర్పాటు ఇందులో చెప్పుకోదగ్గది. 2015లో బుడాపెస్ట్ ఒప్పందంలో చేరిన శ్రీలంక, దక్షిణాసియాలో ఆ పని చేసిన మొదటి దేశం. 2022లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చేసింది.

అయినా సైబర్ భద్రతకు ప్రత్యేక బిల్లు 2019లో తయారై సంవత్సరాల తరబడి ముసాయిదాగానే ఉండిపోయింది. 2023 ఆగస్టులో ప్రభుత్వ ఈమెయిల్ వ్యవస్థపై రాన్సమ్‌వేర్ దాడి జరిగి, మే 17 నుండి ఆగస్టు 26 వరకు గల ఉత్తరాలు పోయాయి. సుమారు 5,000 ఈమెయిల్ చిరునామాలు దెబ్బతిన్నాయి; ఆ కాలానికి వేరుగా ప్రతులు భద్రపరచలేదు. పార్లమెంటు 2024 జనవరి 24న ఆమోదించినది మాత్రం, ఏ ప్రకటన అసత్యమో నిర్ణయించే అధికారాన్ని ఒక కమిషనుకు అప్పగించే ఆన్‌లైన్ భద్రతా చట్టాన్ని.

మయన్మార్

మయన్మార్ సైనిక ప్రభుత్వం 2025 జనవరి 1న సైబర్ భద్రతా చట్టాన్ని ప్రకటించింది. అనుమతి లేకుండా వీపీఎన్ సేవలు అందించడం ఇందులో శిక్షార్హం. విదేశాలలో ఉన్న మయన్మార్ పౌరులకూ చట్టం వర్తిస్తుంది. ఆ ప్రభుత్వపు పాలన సాగని చోటు మాత్రం దేశం లోపలే ఉంది. థాయిలాండ్ సరిహద్దులోని మ్యావడీ పరిసరాలలో సాయుధ ముఠాల నీడలో వెలసిన కె.కె. పార్కు వంటి స్థావరాలనుండి ప్రపంచమంతటా ఆన్‌లైన్ మోసాలు సాగాయి.

ఈ సమస్య తెలుగువారికి దూరమైనది కాదు. ఉద్యోగాల పేరిట వెళ్లి ఈ స్థావరాలలో చిక్కుకున్న 549 మంది భారతీయులను 2025 మార్చి 10, 11 తేదీలలో వైమానిక దళ విమానాలలో స్వదేశానికి తీసుకువచ్చారు. వారిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ యువకులు కూడా ఉన్నారు. వీరు బాధితులా, నేరస్థులా అన్నది చట్టానికి తేలికైన ప్రశ్న కాదు. పాస్‌పోర్టు లాక్కొని, కొట్టి చేయించిన మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండవచ్చు. మనుషుల అక్రమ రవాణా చట్టం ప్రకారం రక్షించవలసిన వ్యక్తినే సైబర్ నేర చట్టం ప్రకారం ప్రశ్నించవలసి వస్తుంది.

చైనా

చైనా మార్గం పూర్తిగా భిన్నమైనది. 2017 జూన్ 1న అమలులోకి వచ్చిన సైబర్ భద్రతా చట్టం, 2021లో వచ్చిన డేటా భద్రతా చట్టం, వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కలిసి ఒక సమగ్ర వ్యవస్థగా ఏర్పడ్డాయి. కీలక సంస్థలు తమ సమాచారాన్ని దేశంలోనే నిల్వ చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో కనుగొన్న లోపాన్ని తయారీదారులు 48 గంటలలో ప్రభుత్వానికి తెలపాలి. ఈ చివరి నియమం పొరుగువారిని కలవరపెడుతుంది, ఎందుకంటే ఇంకా సరిచేయని లోపం గురించి ముందుగా తెలిసినవారికి దానిని దాడికి వాడుకొనే అవకాశం ఉంటుంది. నియమాలను ఉల్లంఘించినందుకు ట్యాక్సీ సేవల సంస్థ దీదీకి 2022 జూలైలో 800 కోట్ల యువాన్లకు పైగా జరిమానా విధించారు.

దేశాల మధ్య సహకారం

విదేశంలోని సాక్ష్యాన్ని తెప్పించుకోవడానికి పరస్పర న్యాయ సహాయ ఒప్పందాలు సాధారణ మార్గం. అభ్యర్థన న్యాయస్థానం నుండి హోం శాఖకు, అక్కడినుండి విదేశాంగ శాఖకు, తరువాత అవతలి దేశపు అవే మెట్ల గుండా సాగుతుంది. దీనికి నెలలు పడుతుంది. సర్వర్లలోని లాగ్ వివరాలు కొన్ని వారాలకే చెరిగిపోవచ్చు. సార్క్ దేశాలు 2008లో కొలంబోలో నేర విషయాలలో పరస్పర సహాయానికి ఒప్పందం చేసుకున్నాయి. అయితే సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014లో ఖాట్మండులో జరిగిన తరువాత, 2016లో ఇస్లామాబాద్‌లో జరగవలసినది రద్దయింది. భారత్, పాకిస్తాన్‌ల మధ్య హ్యాకర్ల దాడులు ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఎక్కువవుతాయి. సాక్ష్యాల మార్పిడికి అవకాశం అంతగా ఉండనిది కూడా సరిగ్గా అప్పుడే.

2001 నాటి బుడాపెస్ట్ ఒప్పందం సమాచారాన్ని వెంటనే భద్రపరచమని ఒక దేశం మరొక దేశాన్ని కోరే వీలు కల్పిస్తుంది. దీని రూపకల్పనలో తమకు పాత్ర లేదన్న కారణంతో భారతదేశం దూరంగా ఉన్నది. చైనా కూడా చేరలేదు. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2024 డిసెంబరు 24న సైబర్ నేరాల వ్యతిరేక ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబరులో హనోయిలో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరించిన 90 రోజుల తరువాత ఇది అమలులోకి వస్తుంది. ఇతర దేశాలకు సాక్ష్యం అందించే బాధ్యతను ఈ ఒప్పందం, కనీసం 4 సంవత్సరాల శిక్షకు తగిన ఏ తీవ్ర నేరానికైనా విస్తరిస్తుంది. ఏది తీవ్ర నేరమో నిర్ణయించేది ఆయా దేశాల సొంత చట్టాలే కనుక, 57వ సెక్షన్ వంటి నిబంధనలు ఉన్నచోట వ్రాతలకు సంబంధించిన కేసులకు కూడా దీనిని వాడవచ్చునని మానవ హక్కుల సంఘాలు అభ్యంతరం తెలిపాయి. మానవ హక్కులను అణచివేసే రీతిలో ఒప్పందాన్ని అన్వయించరాదన్న నిబంధన దీనికి జవాబుగా చేర్చినదే.